ఎక్స్-రే, క్ష-కిరణం, మధ్యలో ఛాయ

సందేహం: పత్రికల్లో కొందరు ‘క్ష-కిరణం’ అని రాస్తున్నారు. ఆస్పత్రిలో మాత్రం అందరూ ‘ఎక్స్-రే’ అనే అంటారు. ఏది సరైనది? ‘ఎక్స్-రే తీశారు’ అంటే కిరణాన్ని తీసినట్టు కాదా? మావారి ఛాతీ ఎక్స్-రే కాగితం మీద ‘పీఏ వ్యూ’ అని ఉంది. దానికి తెలుగు మాట ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, ‘తీశారు’లో తప్పేమీ లేదు. ఫొటో తీస్తాం, సినిమా తీస్తాం, అలాగే ఇదీ. అక్కడ ఎక్స్-రే అంటే కిరణం కాదు, దానివల్ల పడిన బొమ్మ. మా ఊరి పెద్దవాళ్లు ‘ఎముకల ఫొటో తీయించాం’ అనేవారు. వాళ్లకు ఏ సందేహమూ రాలేదు.

ఇక ‘క్ష’ సంగతి. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్‌లో రాంట్‌జెన్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ కిరణాలను మొదటిసారి గమనించాడు. అవేమిటో తెలియదు కాబట్టి, బీజగణితంలో తెలియని రాశికి వాడే ‘ఎక్స్’ అక్షరాన్నే వాటికి పేరుగా పెట్టాడు. మనవాళ్లు ఆ అక్షరం చప్పుడు పట్టుకుని ‘క్ష’ చేశారు. చప్పుడు దక్కింది, అర్థం జారిపోయింది. మన బీజగణితంలో తెలియని రాశిని అవ్యక్తం అంటారు. భాస్కరాచార్యుడు మొదటి అవ్యక్తాన్ని ‘యావత్తావత్’ అని, పొట్టిగా ‘యా’ అని రాశాడు. ఆ లెక్కన ఇది ‘యా-కిరణం’ కావాలి! అలా అనమని మీకు చెప్పను. కానీ క్షయ ఉందేమో చూడటానికి క్ష-కిరణం వాడారని చదివినప్పుడల్లా, రోగం పేరూ కిరణం పేరూ ఒకే ఇంటివనుకునేవాళ్లు ఉంటారని నా భయం.

అసలు ఈ బొమ్మకు తగిన మాట మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. అది ‘ఛాయ’. అమరకోశం అర శ్లోకంలో తేల్చేసింది: ‘ఛాయా సూర్యప్రియా కాంతిః ప్రతిబింబమనాతపః’. సూర్యుడి భార్య, కాంతి, ప్రతిబింబం, ఎండ లేని చోటు, ఈ నాలుగూ ఛాయే. మగడి వేడికి తాళలేక సంజ్ఞాదేవి వెళ్లిపోతూ తన నీడను ఇంట్లో పెట్టి వెళ్లిందని కథ. ఆ నీడే ఛాయాదేవి. నీడకూ వెలుగుకూ ఒకే మాట ఏమిటని చిన్నప్పుడు మా గురువుగారిని విసిగించేవాణ్ణి. జవాబు నాకు ఎక్స్-రే ఫిల్మ్‌లో దొరికింది. కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూడండి. కిరణాలను బాగా అడ్డుకున్న ఎముక తెల్లగా మెరుస్తుంది. గాలి నిండిన ఊపిరితిత్తుల్లోంచి కిరణాలు దూసుకుపోయి ఫిల్మ్‌కు తగులుతాయి కనుక అక్కడ నల్లగా ఉంటుంది. అంటే అక్కడ నీడే తెలుపు! ఇటు నీడ, అటు కాంతి, రెండూ ఒకే మాటలో పలికేది ‘ఛాయ’ ఒక్కటే. అలాంటి మాటను తెచ్చి మామూలు ఫొటోకు ‘ఛాయాచిత్రం’ అని కట్టబెట్టాం. కెమెరా పట్టినవాడేమో ఛాయాగ్రాహకుడు. రామాయణంలో హనుమంతుడి నీడ పట్టి లాగిన సింహికను ‘ఛాయాగ్రాహి’ అన్నారు. ఆ పోలిక తెలిస్తే మన సినిమావాళ్లు ఏమంటారో!

చామనచాయలోని రంగు, ‘ఆ ఛాయలకు పోకు’లోని దగ్గర, ఇవన్నీ ఆ మాటకున్న అర్థాలే.

‘పీఏ’ కూడా నీడ లెక్కే. తోలుబొమ్మలాట చూశారా? నిమ్మలకుంట కళాకారులు బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే గీత గీతా స్పష్టంగా, ఉన్నంత సైజులో కనబడుతుంది. దీపం వైపు లాగితే పెద్దదై అంచులు చెదిరిపోతాయి. పీఏ అంటే కిరణం వీపు వైపు నుంచి వచ్చి రొమ్ము వైపు బయటపడటం. రోగి రొమ్మును బొమ్మ పడే పలకకు ఆనించి, ‘గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టండి’ అంటారు. కిరణాలు పంపే యంత్రం రోగి వెనక ఆరడుగుల దూరంలో ఉంటుంది. గుండె ఛాతీలో ముందువైపు ఉంటుంది కాబట్టి పలకకు దగ్గరై, దాని నీడ పెద్దగా సాగదు. మంచం దిగలేని రోగికి ఎదుటి నుంచి తీస్తారు. అది ‘ఏపీ’ (రాష్ట్రం కాదు లెండి). అందులో గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనబడుతుంది. కాగితం మీద అక్షరాలు చూడకుండా ‘గుండె వాచింది’ అని బంధువులు టెన్షన్ పడేది ఇక్కడే. పక్క నుంచి తీస్తే లేటరల్. ఎముక విరిగితే కనీసం రెండు వైపుల నుంచి తీస్తారు, ఎదుటి నుంచి కనబడని విరుగు పక్క నుంచి బయటపడొచ్చు.

వీటికి ‘పృష్ఠ-పూర్వ వీక్షణం’, ‘పార్శ్వ వీక్షణం’ అని రాసేవాళ్లున్నారు. చదివి అర్థం చేసుకునేలోపు రోగి బిగబట్టిన ఊపిరి వదిలేస్తాడు. ఎమ్మారైని ‘అయస్కాంత ప్రతిధ్వని’ అనడం మరీ అన్యాయం. ప్రతిధ్వని కొండల్లో వినిపించేది, ఎమ్మారైలోని ‘రెజొనెన్స్’కు కావలసిన మాట అనునాదం. అన్నిటినీ కలిపి ‘స్కానింగ్’ అనేవాళ్ల గురించి ఇంకోసారి.

మాట్లాడేటప్పుడు ఎక్స్-రే అనండి. పాఠ్యపుస్తకంలో క్ష-కిరణం కనబడితే తప్పని కొట్టేయకండి, వాడుక కొంత పాతబడింది. వ్యూలకు నాకైతే ‘వీపువైపు బొమ్మ’, ‘ఎదురుబొమ్మ’, ‘పక్కబొమ్మ’ బాగున్నట్టు తోస్తుంది, గట్టిగా మాత్రం చెప్పలేను. ఈసారి వెళ్లినప్పుడు మీ టెక్నీషియన్‌ను ‘పక్కబొమ్మ కూడా తీస్తావా బాబూ’ అని అడిగి, ఏమన్నాడో రాయండి.