కళింగర కాయలు వంకర పోతున్నాయి, గట్టున పూలమొక్కలు వేయమంటారా?

ప్రశ్న: ఎకరన్నరలో కళింగర (పుచ్చ) వేస్తాను, పక్కనే రెండేళ్ల చీనీ (బత్తాయి) మొక్కలున్నాయి. నిరుడు కాయలు ఒకపక్క నొక్కుకుపోయి వంకరగా వచ్చాయి. గట్టున పూలమొక్కలు వేస్తే తేనెటీగలు, సీతాకోకచిలుకలు వస్తాయంటున్నారు. ఏవి వేయాలి? చీనీకి పురుగు పడుతుందా?
– ఒక రైతు, నార్పల మండలం, అనంతపురం జిల్లా

సలహా: ఈసారి వంకర కాయ కనబడితే అడ్డంగా కోసి చూడండి. నొక్కుకుపోయిన వైపు గింజలు తెల్లగా, తాలుగా ఉంటే అది పరాగసంపర్కం లోపమే. ఆడపువ్వు మధ్యలో పుప్పొడి అంటుకునే కొనకు (కీలాగ్రం) మూడు పాయలుంటాయి. పుప్పొడి అంటని పాయ వైపు గింజ కట్టదు, గింజ లేనిచోట కండ పెరగదు. ఆ పువ్వు తెల్లవారి విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, మర్నాడు మళ్లీ విచ్చుకోదు. ఆలోగా తేనెటీగలు పలుమార్లు వాలాలి. సీతాకోకచిలుకలతో ఈ పని పెద్దగా జరగదు. కాబట్టి గట్టును తేనెటీగల కోసమే సిద్ధం చేయండి, సీతాకోకచిలుకలూ వాటంతటవే వస్తాయి.

వంద మీటర్ల గట్టు వెంట మీటరు వెడల్పు చాలు. డ్రిప్ లేటరల్ (సన్న పైపు) ఒకటి అటు లాగండి. కళింగర విత్తడానికి 40 రోజుల ముందు సబ్జా నారు పోసి, నెల నారును రెండడుగులకొకటి నాటండి. ఇది నెలల తరబడి పూస్తుంది. మిగతా జాగాకు 200 గ్రాముల ధనియాలు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి, సగం కళింగరకు 15 రోజుల ముందు, సగం కళింగరతోపాటే చల్లండి. కళింగర 35-40 రోజులకే పూతకొస్తుంది, ధనియాలకు 45-50 రోజులు పడుతుంది. చాలామంది తప్పేది ఇక్కడే. పంట పూతకొచ్చాక గట్టున విత్తితే, అది పూసేసరికి కాయ ముదిరిపోతుంది.

బంతి వేస్తే ఒంటిరెక్కది వేయండి, ముద్దబంతిలో తేనె రెక్కల మధ్య దాగి తేనెటీగకు సరిగా అందదు. ఆవాలు మంచివే కానీ కళింగర పూత మొదలవగానే కోసేయాలి. ఆవపూత మరిగిన ఈగ మీ తీగల వైపు రాదు. వయ్యారిభామను పూత రాకముందే పీకేయండి. 2000లో మన జిల్లాలో వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్లు వైరస్ దాని పుప్పొడితో, తామర పురుగుల వల్లే పాకింది.

ఇక చీనీ సంగతి. గట్టున జిల్లేడు, తంగేడు ఉంటే ఉండనివ్వండి, వాటి మీద పెరిగే సీతాకోకచిలుకల పురుగులు చీనీని ముట్టవు. చీనీ లేతాకు తినేది నిమ్మ సీతాకోకచిలుక పురుగు. దానికి కరివేపాకు, మారేడు కూడా మేతే, అవి దగ్గర్లో నాటకండి. ఆ పురుగు చిన్నప్పుడు పిట్టరెట్టలా, పెరిగాక పచ్చగా ఉంటుంది. ముట్టుకుంటే తల దగ్గర ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. మీ మొక్కలు చిన్నవి, వారానికి రెండుసార్లు చేత్తో ఏరేస్తే సరిపోతుంది.

పూత దశలో ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్ పురుగుమందుల జోలికి పోవద్దు. గట్టు మీద కలుపు మందూ వద్దు. కళింగర మొక్కలకు క్రాప్ కవర్ (పల్చటి గుడ్డ) కప్పితే ఆడపువ్వు కనబడిన రోజే తీసేయండి, లేకుంటే ఎన్ని ఈగలొచ్చినా లోపలికి పోలేవు. ఈగలు తక్కువగా ఉంటే ఉదయం 9 లోపు మగపువ్వు తుంచి, రెక్కలు తీసి, ఆడపువ్వు మూడు పాయలకూ అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు వస్తుంది.