అంత పెద్ద అటారీయే పోయింది, మా వాణ్ణి గేమింగ్‌లోకి పంపమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. క్యాంపస్‌కి సర్వీస్ కంపెనీలు వస్తాయి, అందులో చేరరా అంటే వద్దంటున్నాడు. వీడియో గేమ్‌లు తయారుచేసే కంపెనీలోనే చేస్తాడట. మా తమ్ముడు అమెరికాలో ఉంటాడు. వాడికి ఫోన్ చేస్తే, "అక్కా, అటారీ అని ఒక కంపెనీ ఉండేది, ఆటల్లో ప్రపంచంలోనే నంబర్ వన్. రెండేళ్ళలో కుప్పకూలింది. అమ్ముడుపోని సరుకంతా లారీల్లో తీసుకెళ్ళి గొయ్యి తీసి పూడ్చిపెట్టారు. అలాంటి లైన్‌లోకి పంపుతావా?" అన్నాడు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. వాడికి ఏం చెప్పమంటారు? (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: అమ్మా, మీ తమ్ముడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పూడ్చిపెట్టిన మాట కూడా నిజమే. 1983 సెప్టెంబర్‌లో టెక్సస్‌లోని ఎల్ పాసో నుంచి లారీల్లో తెచ్చి, న్యూ మెక్సికోలో అలమొగోర్డో అనే ఊరి చెత్త దిబ్బలో పూడ్చారు. 2014 ఏప్రిల్‌లో మళ్ళీ తవ్వితే పదమూడు వందల దాకా ఆటల క్యాట్రిడ్జ్‌లు (ఆట నింపి, కన్సోల్‌లో దూర్చే ప్లాస్టిక్ డబ్బీలు) బయటపడ్డాయి. కాకపోతే ఆయన మీకు కంపెనీ కథ చెప్పి ఊరుకున్నారు. అందులో పనిచేసినవాళ్ళు ఏమయ్యారో చెప్పలేదు. మీ అబ్బాయి రేపు కాబోయేది ఉద్యోగి కాబట్టి మనకు కావలసింది ఆ రెండో కథే.

అటారీని 1972లో కాలిఫోర్నియాలో నోలన్ బుష్‌నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు మొదలుపెట్టారు. వాళ్ళ మొదటి హిట్ పాంగ్. తెర మీద రెండు గీతలు, మధ్యలో ఒక చుక్క, అంతే ఆట. సన్నీవేల్‌లో ఒక బార్‌లో ఆ మెషీన్ పెడితే కొన్నాళ్ళకే ఆగిపోయిందని కబురొచ్చింది. వెళ్ళి విప్పి చూస్తే రిపేరేమీ లేదు, చిల్లర నాణేలు నిండిపోయి ఇక పట్టక ఆగింది. 1976లో వార్నర్ సంస్థ సుమారు 2 కోట్ల 80 లక్షల డాలర్లకు అటారీని కొనేసింది. మరుసటి ఏడు టీవీకి తగిలించుకుని ఆడుకునే కన్సోల్ వచ్చింది. 1980లో స్పేస్ ఇన్వేడర్స్ ఆటను దాని మీదకు తేగానే అమెరికాలో ఇంటింటికీ అటారీ చేరింది. 1982 నాటికి వార్నర్ లాభాల్లో సగానికి పైగా ఈ ఒక్క కంపెనీ నుంచే. దాదాపు పదివేల మంది ఉద్యోగులు.

మరి అంత వైభవం ఎందుకు పోయింది? ఒక చెత్త ఆట వల్ల పోయిందని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. చీడ అంతకు ముందే, 1979లోనే పట్టింది.

అప్పటికి అటారీని నడుపుతున్న రే కాసర్ బట్టల పరిశ్రమ నుంచి వచ్చినాయన. అమ్మకాలు బాగా తెలిసినవాడే, స్పేస్ ఇన్వేడర్స్ ఆయన హయాంలోనే వచ్చింది. కానీ ఆట రాసే ప్రోగ్రామర్ ఆయన కంటికి ఆనలేదు. ఒకసారి ఏ ఆట ఎంత అమ్ముడైందో చూపే కాగితం ఒకటి ఆఫీసులో పంచారు. డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, ల్యారీ కప్లాన్ అనే నలుగురు కూర్చుని లెక్క వేసుకున్నారు. అమ్మకాల్లో సగానికి పైగా తాము రాసిన ఆటల వల్లే వస్తున్నాయి. తమకు ముట్టేది మామూలు నెల జీతం. డబ్బా మీద పేరైనా ఉండదు. వెళ్ళి కాసర్‌ని అడిగారు, మా పేరు వేయండి, అమ్మకాల్లో కొంచెం వాటా ఇవ్వండి అని. కుదరదన్నాడు. నలుగురూ బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టారు. అటారీ కన్సోల్ మీద ఆడే ఆటల్ని అటారీ కాకుండా వేరేవాళ్ళు తయారుచేసి అమ్మడం అదే మొదలు. 1982లో క్రేన్ రాసిన పిట్‌ఫాల్ నలభై లక్షలకు పైగా అమ్ముడైంది, ఈసారి పేరుతో సహా.

వారెన్ రాబినెట్ అనే ఇంకొకాయన దారి వేరు. అడ్వెంచర్ అనే తన ఆటలో ఎవరికీ చెప్పకుండా ఒక రహస్య గది పెట్టాడు. అందులోకి వెళ్ళాలంటే నేల రంగులోనే కలిసిపోయి ఉండే ఒకే ఒక్క చుక్కను వెతికి పట్టుకుని మోసుకెళ్ళాలి. వెళితే గది మధ్యలో "దీన్ని తయారుచేసింది వారెన్ రాబినెట్" అన్న అక్షరాలు కనిపిస్తాయి. ఒక పిల్లవాడు అది కనిపెట్టి ఉత్తరం రాసేదాకా కంపెనీకి తెలియనే లేదు. అప్పటికి రాబినెట్ ఉద్యోగం మానేశాడు కూడా. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది. పనిమంతుడు తన పేరును తన పనిలోనే దాచుకోవలసి వచ్చిన ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఇక మీ తమ్ముడు చెప్పిన ఆ పతనం. 1982 జులై ఆఖర్లో ఇ.టి. అనే హాలీవుడ్ సినిమా మీద ఆట చేసే హక్కులు అటారీ కొన్నది. క్రిస్మస్‌కి ఆట షాపుల్లో ఉండాలి. అంటే సెప్టెంబర్ ఒకటికల్లా కోడ్ పూర్తవ్వాలి. మామూలుగా నెలల తరబడి చేసే పనిని హోవర్డ్ స్కాట్ వార్షా అనే కుర్రాడు దాదాపు ఒంటిచేత్తో ఐదు వారాల్లో చేశాడు. ఇంటికెళ్ళినా పని ఆగకూడదని ఆఫీసు మెషీన్ ఒకటి ఇంట్లో కూడా పెట్టించుకున్నాడు. ఆట ముగించాడు గానీ అది ఆడే పిల్లలకు అర్థం కాలేదు. హీరో మాటిమాటికీ గోతుల్లో పడిపోతాడు, పైకి రావడమే ఒక పెద్ద పని. కంపెనీ మాత్రం గుడ్డి నమ్మకంతో లక్షల కొద్దీ తయారుచేసి పెట్టింది.

అప్పటికే బజారు కూడా పాడైంది. మన దగ్గర ఒకరికి రొయ్యల్లో లాభం వచ్చిందని తెలిస్తే వరి పొలాలన్నీ చెరువులైపోయాయే, సరిగ్గా అలాగే. యాక్టివిజన్‌ని చూసి అందరూ ఆటల్లోకి దిగారు. ఓట్స్ అమ్మే క్వేకర్ కంపెనీ కూడా ఆటల విభాగం పెట్టింది! నాసిరకం ఆటలు షాపుల్లో గుట్టలు పడ్డాయి. 1982 డిసెంబర్ 7న అనుకున్నంత అమ్మకాలు లేవని అటారీ బయటపెట్టగానే వార్నర్ షేర్ దాదాపు మూడో వంతు పడిపోయింది. 1983లో అటారీ నష్టం 53 కోట్ల డాలర్ల పైచిలుకు. ఆ ఏడు ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ పనిని హాంగ్‌కాంగ్, తైవాన్‌లకు తరలించి కాలిఫోర్నియాలో పదిహేడు వందల మందిని తీసేశారు. 1984 జులైలో అటారీ ఇంటి ఆటలు, కంప్యూటర్ల విభాగాన్ని వార్నర్ వదిలించుకుంది. ఆ తర్వాత ఆ పేరు చేతులు మారుతూనే ఉంది.

అమ్మా, ఇప్పుడు మనుషుల లెక్క చూడండి. ఆ నలుగురి సంగతి చెప్పాను. రాబినెట్ పిల్లలకు చదువు నేర్పే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. వార్షా పేరు "ప్రపంచంలోకెల్లా చెత్త ఆట చేసినవాడు" అని ఏళ్ళ తరబడి నానింది. ఆయన తర్వాత మళ్ళీ చదువుకుని సైకోథెరపిస్ట్ అయ్యాడు, సిలికాన్ వ్యాలీలో పని ఒత్తిడితో నలిగిపోయినవాళ్ళకు వైద్యం చేస్తున్నాడు. 2014లో ఆ దిబ్బ తవ్వుతుంటే అక్కడే నిలబడి చూశాడు. ఆటల పరిశ్రమ కూడా చావలేదు. 1985లో జపాన్ నుంచి నింటెండో అమెరికాలో దిగి దాన్ని మళ్ళీ నిలబెట్టింది.

మీకు ధైర్యం చెప్పడానికి తీపి కబుర్లే చెప్పను. ఫ్యాక్టరీ పని పోయిన ఆ పదిహేడు వందల మందికి క్రేన్‌లాగా ఇంకో కంపెనీ పెట్టే వీలు లేదు. ప్రోగ్రామర్లకు కూడా ఈ రంగం నేటికీ మెత్తగా లేదు. అదే యాక్టివిజన్ 90ల మొదట్లో దివాళా అంచుకు వెళ్ళి తేరుకుంది, ఇంకో కంపెనీతో కలిసి పెరిగింది. 2023 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని సుమారు 6,900 కోట్ల డాలర్లకు కొన్నది. మూడు నెలలు తిరిగేసరికి, 2024 జనవరిలో, మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. గెలిచిన కంపెనీలో ఉన్నా ఉద్యోగానికి గ్యారంటీ లేదు. మీ అబ్బాయి ఇది తెలిసే దిగాలి.

అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లల్ని నేను ఒక్కటే అడుగుతాను: రేపు నీ కంపెనీ మూతపడితే నీ చేతిలో ఏం మిగులుతుంది?

మూడేళ్ళ కింద వరంగల్ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఫైల్ నిండా ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు. అవన్నీ పక్కన పెట్టి, నువ్వు చేసిన ఆట ఏదైనా ఉందా అన్నాను. మొహమాటపడుతూ ఫోన్ తీశాడు. బతుకమ్మ పేర్చే ఆట. తంగేడు, గునుగు, బంతి ఒక్కో వరుసా కిందికి వస్తుంటుంది, వంకర పోకుండా నిలబెట్టాలి. మూడు లెవెల్స్ ఆడాను, నాలుగోదానికి ఫోన్ బిగుసుకుపోయింది. వాడు కంగారుపడి నోట్‌బుక్ తెరిచాడు. ఎందుకు బిగుసుకుపోతోందో, తను ఏమేం ప్రయత్నించాడో తేదీలతో రాసి ఉంది. నాకు సర్టిఫికెట్ల కన్నా ఆ నోట్‌బుక్ విలువైనదిగా కనిపించింది. దాన్ని చూపించే ఒక చిన్న స్టూడియోలో చేరాడు. ఏడాదిన్నరకు ఆ స్టూడియో మూతపడింది. నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాడు, వాళ్ళమ్మ కూడా మీలాగే ఫోన్ చేసి ఏడ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీ మెషీన్ల మీద శిక్షణ ఇచ్చే త్రీడీ సాఫ్ట్‌వేర్ చేసే చోట ఉన్నాడు. అక్కడా అదే గేమ్ ఇంజిన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్), అదే లెక్కలు.

ఇక్కడి నుంచి మీ అబ్బాయికి చదివించండి.

బాబూ, ఆడటం వేరు, చేయడం వేరు. రోజుకు ఆరు గంటలు ఆడతాను అంటే అది అర్హత కాదు. సీఎస్‌ఈ చదువుతున్నావు కాబట్టి సీ ప్లస్ ప్లస్ గట్టిగా పట్టు, వెక్టర్లు, మ్యాట్రిసెస్ ఇంటర్‌లో వదిలేసి ఉంటే మళ్ళీ తెరువు. యూనిటీ, అన్‌రియల్, గోడో, ఈ మూడు ఇంజిన్లలో ఏదో ఒకటి పట్టుకో, నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. పెద్ద ఆట కలలు కనకు. పది నిమిషాల్లో అయిపోయే చిన్న ఆట చెయ్యి, కానీ పూర్తి చెయ్యి. సగంలో ఆపిన పది ఆటల కన్నా అదే మేలు. ఏటా జనవరిలో జరిగే గ్లోబల్ గేమ్ జామ్‌లో దిగు. కొత్తవాళ్ళతో కలిసి గడువులోపల ఆట ముగించడం ఎంత కష్టమో, అందులో ఎంత సంతోషముందో అక్కడ తెలుస్తుంది. డిజైన్ వైపు మనసుంటే బెంగళూరు ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎం.డెస్. అనే పీజీ కోర్సు ఉంది, దానికి ప్రత్యేకంగా ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లోనే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్టూడియో ఉంది, వాళ్ళు ఏ పనికి ఏం అడుగుతున్నారో కెరీర్స్ పేజీలో ఇప్పటి నుంచే చదువుతూ ఉండు.

ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు నువ్వూ వాళ్ళను అడగాలి. ఆటలో పనిచేసినవాళ్ళందరి పేర్లూ వేస్తారా? రిలీజ్ తేదీని ఎవరు నిర్ణయిస్తారు, తయారుచేసేవాళ్ళతో మాట్లాడి నిర్ణయిస్తారా? ఈ టీమ్‌లో అందరికన్నా పాతవాళ్ళు చేరి ఎన్నేళ్ళయింది? అటారీలో మొదటి రెండింటికీ జవాబు ఎలా ఉండేదో పైన మీ అమ్మకు రాశాను, అదీ చదువు.

అమ్మా, మళ్ళీ మీతో. రమ్మీ, బెట్టింగ్ యాప్‌లను ఇందులో కలపకండి. డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. మీ అబ్బాయి అంటున్నది వాటి గురించి కాదు, అయినా గేమింగ్ కంపెనీ అని ఆఫర్ వస్తే అది ఏ రకందో ముందు చూసుకోండి. లక్షల ఫీజు అడిగే ఇన్‌స్టిట్యూట్‌కు కట్టే ముందు అక్కడ చదివినవాళ్ళు చేసిన ఆటలు చూపించమనండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి.

క్యాంపస్ ఆఫర్‌ను వాడు తోసేయకూడదనే నా అభిప్రాయం. పరీక్ష రాయనివ్వండి, ఆఫర్ లెటర్ చేతికి రానివ్వండి. డిగ్రీ అయ్యేలోపు రెండు ఆటలు పూర్తి చేసి చూపిస్తే, ఏడాది పాటు గేమ్ ఉద్యోగం వెతుక్కోవడానికి మీరు ఒప్పుకోండి. చూపించలేకపోతే వాడు క్యాంపస్ ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు ఆటలు చేసుకుంటాడు. ఈ ఒప్పందం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, మేనమామను కూడా ఫోన్‌లో ఉంచండి.

సంక్రాంతి సెలవులకు వాడు ఇంటికి వస్తాడు కదా. చేసిన ఆట ఎంత చిన్నదైనా సరే, మీ ఫోన్‌లో వేయమనండి. మీరే ఆడండి. వాడు పక్కన కూర్చోవాలి, ఒక్క మాట సాయం చెప్పకూడదు. మీరు ఎక్కడ తికమకపడ్డారో, ఎక్కడ విసుగొచ్చి ఫోన్ పక్కన పడేశారో వాడు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. పండగ అయ్యాక ఆ నోట్‌బుక్ పట్టుకుని నా దగ్గరికి రమ్మనండి.