ఆల్కాక్ డాక్టరే, కానీ మీ అమ్మాయికి మళ్లీ లాంగ్ టర్మ్ ఎందుకండీ?

ప్రశ్న: సార్, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఐదెకరాల రొయ్యల చెరువు ఉంది. మా అమ్మాయి బైపీసీ అయ్యాక ఒక ఏడాది నీట్ లాంగ్ టర్మ్ చేసింది, సీటు రాలేదు. ఇంకో ఏడాది కూర్చోమంటే వద్దంటోంది. పీతల మీద చదువుకుంటాను, బీఎస్సీ జువాలజీకో, చేపలు రొయ్యల డిగ్రీ బీఎఫ్ఎస్సీకో పంపండి అంటోంది. నోట్ బుక్ నిండా పీతల బొమ్మలే, ఒక పేజీ ఫోటో తీసి పంపుతున్నాను చూడండి. ఆల్కాక్ అనే పాతకాలం సైంటిస్టు గురించి తెగ చెబుతుంది. ఆయన కూడా ముందు డాక్టరేనట. అందుకే ముందు ఎంబీబీఎస్ చెయ్యి, ఆ తర్వాత నీ ఇష్టం అన్నాను. నేను తప్పు చెప్పానా? ఈ మూడింట్లో ఏది మంచిది? ఈ బురద మాతోనే పోవాలని నా ఆశ.

జవాబు: ముందు ఆల్కాక్ సంగతి తేల్చేద్దామండీ. ఎందుకంటే ఆయన జీవితంలోంచి మీకు పనికొచ్చే ఒక్క ముక్క ఏరుకుని దాన్ని అమ్మాయి మీద ప్రయోగించారు.

ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ 1859లో బొంబాయిలో పుట్టారు, తండ్రి ఓడ కెప్టెన్. తండ్రికి డబ్బు నష్టం రావడంతో ఇంగ్లండ్‌లో కొడుకు చదువు మధ్యలో ఆగిపోయింది. 17 ఏళ్ల వయసులో అక్కడి నుంచి వాయనాడ్ కాఫీ తోటలకు వచ్చాడు, ఆ పని కుదరలేదు. కలకత్తాలో కమీషన్ ఏజెంటు ఆఫీసులో చేరాడు, అదీ నిలవలేదు. తర్వాత పురూలియాలో ఉండి అస్సాం టీ తోటలకు కూలీలను కుదిర్చే పని, అది వదిలాక డార్జిలింగులో బడిపంతులు ఉద్యోగం. 1881లో గానీ అబర్డీన్‌లో వైద్యం చదువులో చేరలేదు, అప్పటికి 22 ఏళ్లు. 1885లో డిగ్రీ వచ్చింది, ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు, 1888లో ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ మీద సర్జన్ నేచురలిస్టుగా వేశారు. ఆ 17 నుంచి 22 దాకా ఆయన తిరుగుడు చూసుంటే మన చుట్టాలు ఏమని ఉండేవారో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ అమ్మాయికి పోయింది ఒక్క ఏడాది. ఈ వయసులో ఏడాది పోతే జీవితం పోయినట్టు మీరు కంగారు పడుతున్నారు, ఆ కంగారులోనే ఇంకో ఏడాది కూడా దానికే ధారపోయమంటున్నారు!

ఇప్పుడు అసలు మెలిక. ఆ ఓడ పని సముద్రం లోతులు కొలిచి మ్యాపులు గీయడం. ఓడలో మనుషులకు జ్వరాలు, దెబ్బలు చూడటానికి ఎలాగూ ఒక డాక్టరు కావాలి. సర్వే పని మధ్య వీలు దొరికినప్పుడు బంగాళాఖాతంలో, అరేబియా సముద్రంలో వల దించి పైకి లాగితే వచ్చిన జీవాలను వేరు చేసి సీసాల్లో భద్రపరిచే పని కూడా ఆ డాక్టరుకే అప్పగించారు. అంటే డాక్టరు ఉద్యోగానికి పీతల పని తగిలించి ఉండేది. ఇవాళ ఆ ఉద్యోగం లేదు. ఇప్పుడు ఎంబీబీఎస్ అయ్యాక ఇంటర్న్‌షిప్, తర్వాత పీజీ నీట్, తర్వాత స్పెషాలిటీ. ఈ వరసలో పీత ఎక్కడొస్తుందో మీరే చెప్పండి. "ముందు ఇది చెయ్యి, తర్వాత నీ ఇష్టం" అనే మాట నేను ఎంతమంది తల్లిదండ్రుల నోట విన్నానో లెక్కలేదు. ఆ "తర్వాత" రాదని చెప్పేవాళ్లకూ తెలుసు, వినే పిల్లలకూ తెలుసు.

అయితే ఒక విషయంలో మీరు కరెక్టు. ఆల్కాక్ 1893లో కలకత్తా ఇండియన్ మ్యూజియం సూపరింటెండెంటు అయ్యారు. 1895 నుంచి 1900 వరకు మన దేశపు పీతలన్నిటినీ వరసగా వర్ణించుకుంటూ పోయారు, 1901లో రాయల్ సొసైటీ ఫెలో కూడా అయ్యారు. అంత పేరొచ్చాక కూడా 1906లో ఆ పదవికి రాజీనామా చేసి ఇంగ్లండ్ వెళ్లిపోయారు. అక్కడ ఆయన చేసింది ఉష్ణమండల వ్యాధుల చదువు చదివే డాక్టర్లకు జంతుశాస్త్రం చెప్పడం, రోగాలు మోసే పురుగుల గురించి రాయడం. అక్కడ ఆ వైద్యం చదువే అక్కరకొచ్చింది. కాబట్టి పీతల పిచ్చి ఒక్కటే సరిపోదు, పక్కన అన్నం పెట్టే పని ఒకటి చేతిలో ఉండాలి అనే మీ భయాన్ని నేను కొట్టిపారేయను. ఆ రెండో పని ఎంబీబీఎస్సే కావాలని ఎవరన్నారు?

మీరు పంపిన నోట్ బుక్ పేజీ పెద్దది చేసి చూశాను. మీరు చూశారా అసలు? రెండు మండపీతల డెక్కలు పక్కపక్కన గీసింది. ఒకదానికి డెక్క వెనక కణుపు బయటి అంచున రెండు ముళ్లు, రెండోదానికి ఒకటే ముల్లు, ఇంకోటి అరిగిపోయిన బుడిపెలా. రెండు కళ్ల మధ్య అంచులో పళ్లు ఒకదానికి పొడుగ్గా, ఇంకోదానికి మొండిగా ఉన్నాయని బాణం గుర్తు వేసింది. కింద "రెండూ ఒకటే పీత కాదేమో" అని రాసి ప్రశ్నార్థకం పెట్టింది. అండీ, స్కిల్లా సెరేటా, స్కిల్లా ఒలివేషియా అనే రెండు జాతులకు తేడా పట్టేది సరిగ్గా ఆ ముళ్లతోనే. చాలాకాలం ఇవన్నీ ఒకే పేరు కింద చలామణి అయ్యాయి, 1998లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ మండపీతలు నాలుగు జాతులని తేల్చారు. ఒకటి బాగా పెద్దది అవుతుంది, ఇంకోటి కాదు, కాబట్టి పెంచేవాడికి ఇది డబ్బు వ్యవహారం కూడా. ఎవరూ చెప్పకుండా చెరువు గట్టు మీద కూర్చుని ఈ పిల్ల ఆ తేడా పట్టింది. రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ మోసుకొస్తాయని మీరు గట్టు చుట్టూ వల కట్టి ఆపుతారే, ఆ పీతల్నే. మీరేమో ఆ పేజీని ఫిర్యాదుగా పంపారు. కోపం వచ్చిందండీ నాకు, దాచుకోను.

మీ అసలు బాధ చివరి వాక్యంలో ఉంది. టైగర్ రొయ్య రోజుల్లో, 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ వచ్చి మన తీరమంతా చెరువులు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో మీ వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. వనామీ రకం రొయ్య వచ్చాక కూడా రాత్రిళ్లు చెరువు నీళ్లకు గాలి పట్టే ఏరేటరు ఆగిందేమోనని లేచి పరిగెత్తే బతుకు. కూతురు అందులో ఉండకూడదు అనుకోవడం ప్రేమే. కానీ ఆమె అడుగుతున్నది చెరువు లీజు కాదు. ఆ తెల్లమచ్చ ఎలా వస్తుందో, సీడ్‌లో, అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లల్లో, ఉందో లేదో పీసీఆర్ పరీక్ష చేసి చెప్పేవాళ్లలో ఒకరు అవుతానంటోంది. రొయ్య మీద ఇల్లు కట్టి, రొయ్య చదువంటే చిన్నచూపు చూడటం న్యాయం కాదు.

ఇక అమ్మాయికి కూడా ఒక హెచ్చరిక, ఇది ఆమెకు చదివి వినిపించండి. ఈ మధ్య మెరైన్ బయాలజీ అంటే నీలం నీళ్లు, స్కూబా సూటు, తాబేళ్లతో వీడియోలు. ఆ బొమ్మలు చూపించి లక్షల ఫీజులు తీసుకునే ప్రైవేటు కోర్సులు ఎక్కువయ్యాయి. వాటి మీద నాకు చాలా అనుమానాలున్నాయి. బ్రోషర్లో పగడాల దిబ్బ ఉంటుంది, ల్యాబులో పనికొచ్చే మైక్రోస్కోపు ఎన్ని ఉన్నాయో రాయరు. అసలు పని స్పిరిట్ వాసన వచ్చే సీసాలు, లేబుళ్లు, ముళ్లు లెక్కపెట్టడం, ఒకే కాలు పదిసార్లు గీయడం. మండపీత పిల్లను హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే చోట, పెంచాలంటే జోయా అనే లార్వా దశలు ఐదు, తర్వాత మెగాలోపా అనే ఇంకో దశ, అక్కడి నుంచి ఒకదాన్నొకటి తినేయకుండా కాపాడుకోవడం, రాత్రీ పగలూ డ్యూటీ. తమిళనాడులో సిర్కాళి దగ్గర రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ వాళ్ల మండపీత హేచరీ ఉంది. ఏ కోర్సులో చేరినా అనుమతి అడిగి అలాంటి చోటుకి ఒకసారి వెళ్లి రమ్మనండి. డెక్కలు గీసే ఓపిక ఉన్న పిల్ల కాబట్టి భయపడదనే నా నమ్మకం, అయినా కళ్లతో చూడాలి.

మీరడిగిన పోలికకు వస్తే, రెండో లాంగ్ టర్మ్ నా లిస్టులోనే లేదు. పిల్ల స్వయంగా కావాలంటే అది వేరే మాట, ఆమె వద్దంటోంది. మిగిలిన రెండింట్లో బీఎఫ్ఎస్సీ వైపే మొగ్గుతాను. నాలుగేళ్లు, ఎప్‌సెట్ బైపీసీ ర్యాంకుతో సీటు, రొయ్యలు పీతల వర్గీకరణ అందులో పాఠమే, వ్యాధులూ హేచరీ పనీ కూడా. హేచరీలు, మేత కంపెనీలు, ల్యాబులు, మత్స్యశాఖ ఉద్యోగాలు దగ్గరగా ఉంటాయి. నేను చెప్పిన రెండో పని ఇదే. రీసెర్చ్ కావాలంటే దాని పై డిగ్రీ ఎంఎఫ్ఎస్సీకి ముంబైలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్ఈ లాంటివి ఉన్నాయి. సీటు రాకపోతే బీఎస్సీ జువాలజీ, తర్వాత విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట ఎంఎస్సీ. ఆ దారి కాస్త పొడుగు, నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 ఉంటుంది, రాకపోతే కష్టమే, ఆ మాట ఇప్పుడే అనుకుని దిగాలి.

లాంగ్ టర్మ్‌కి అడ్వాన్సు కట్టేసి ఉంటే వెనక్కి అడగండి, మొహమాటపడకండి. కౌన్సెలింగ్ ఆప్షన్లు మాత్రం అమ్మాయినే పెట్టనివ్వండి, మీరు పక్కన కూర్చోండి చాలు. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ పైన పెట్టాలా, నరసాపురం పైన పెట్టాలా అన్న టెన్షన్ వస్తే మళ్లీ రాయండి, ఈసారి ఆమెనే రాయమనండి.