బరువంతా ముందుకాళ్ల మీద వేసే గుర్రానికి తూకం నేర్పడం ఎలా?

ప్రశ్న: మా గుర్రానికి ఐదేళ్లు. మామూలు నడకలో బాగానే ఉంటుంది గానీ, ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య ఉండే పరుగు) అందుకోగానే తల దించి పగ్గాల మీద వాలిపోతుంది. మలుపుల్లో లోపలి భుజం మీదికి ఒరిగి వేగం పెంచుతుంది. పగ్గాలు లాగి తల ఎత్తిస్తే నాలుగడుగులు కుదురుగా వేసి మళ్లీ మొదటికొస్తుంది. ఏం చేయాలి?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలకు చాలావరకు మూలం ఒక్కటే. తల, మెడ ముందుకు చాచి ఉండటం వల్ల, రౌతు లేకుండా నిలబడినప్పుడే గుర్రం తన బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీద మోస్తుంది. పైగా దానికి మనకున్నట్టు కాలర్ ఎముక లేదు. ఛాతీ భాగం రెండు ముందుకాళ్ల మధ్య కండరాల ఊయలలో వేలాడుతున్నట్టు ఉంటుంది. ఆ కండరాలు బలపడకముందే మన బరువు తోడైతే ఊయల కిందికి జారుతుంది, గుర్రం తనను తాను నిలదొక్కుకోవడానికి తొందర తొందరగా అడుగులు వేస్తుంది. దయచేసి దాన్ని మొండితనంగా భావించకండి.

పగ్గాలు లాగడం మాత్రం ఈ రోజే మానేయండి. లాగిన కొద్దీ మీ చెయ్యి దానికి ఐదో కాలవుతుంది, వీపు దిగబడి వెనకకాళ్లు పొట్ట కిందికి రావడం మానేస్తాయి. తూకం ఆ వెనకకాళ్ల నుంచే రావాలి. 20 మీటర్ల వలయం మీద, పది పన్నెండు అడుగులకొకసారి ట్రాట్ నుంచి నడకకు, నడక నుంచి ట్రాట్‌కు మారుస్తూ ఉండండి. అది కుదిరాక హాఫ్-హాల్ట్ నేర్పండి: నడకకు దించబోతున్నట్టే నిటారుగా కూర్చుని, ఊపిరి వదులుతూ, ఒక్క అడుగు పాటు నడుము కదలికను ఆపి, పిక్కలను పక్కటెముకలకు ఆనించే ఉంచి, తడిబట్ట పిండినట్టు వేళ్లు బిగించి వెంటనే వదలాలి. ఆ వదలడం ఆలస్యమైతే అది మళ్లీ లాగడమే. సరిగ్గా కుదిరినప్పుడు మీ ముందున్న మూపు కాస్త పైకి లేచినట్టనిపిస్తుంది, చేతిలో బరువు తేలికవుతుంది, ముందు గిట్టల చప్పుడు కూడా మెత్తబడుతుంది.

మలుపులో లోపలి పగ్గంతో తిప్పకుండా, లోపలి కాలితో వంపు అడిగి బయటి పగ్గంతో భుజాన్ని అదుపు చేయండి. తర్వాతి మెట్టు, 18వ శతాబ్దపు ఫ్రెంచి స్వారీ గురువు లా గెరినియేర్ ఎంతో విలువిచ్చిన షోల్డర్-ఇన్ (గుర్రం ముందుకు సాగుతూనే భుజాలను కాస్త లోపలికి తిప్పి నడవడం); లోపలి వెనకకాలు శరీరం కిందికి వచ్చి బరువు మోయడం దానితో అలవడుతుంది. నేల మీద కర్రలు పరిచి దాటించడం, చిన్న వాలు మీద నెమ్మదిగా దించడం కూడా మేలు చేస్తాయి.

"రౌతు కొద్దీ గుర్రం" అన్నారు కదా, మీరు ఒకవైపు ఒరిగి కూర్చుంటున్నారేమో వెనక నుంచి ఎవరినైనా చూడమనండి. జీను అమరిక, పళ్లు కూడా పరీక్ష చేయించండి. ఐదేళ్ల గుర్రానికి వెన్నెముక ఎదుగుదల ఇంకా పూర్తికాకపోవచ్చు కనుక అరగంట మించకుండా, మధ్యమధ్య పగ్గాలు వదులుగా ఇచ్చి నడిపిస్తూ సాధన చేయించండి.

కొన్ని వారాల తర్వాత ట్రాట్‌లో రెండు చేతులనూ మెడ వెంట ముందుకు జరిపి, మూడడుగుల పాటు పగ్గాలు వదిలి చూడండి. వేగం పెంచకుండా, తల పడేయకుండా అదే లయలో సాగితే, అది తన బరువును తానే మోసుకుంటోందన్నమాట.