ఈజిప్టు చేతిపని తీగ వాయిద్యం ఊద్‌ను ఆన్‌లైన్‌లో కొనొచ్చా? ఏం చూసుకోవాలి?

కొనొచ్చు, కానీ ఫొటోలోని నగిషీ చూసి మాత్రం కాదు. కైరోలో ఊద్ దుకాణాలకు పేరుపడ్డ చోటు మహమ్మద్ అలీ వీధి. అక్కడ మంచి వాయిద్యాలతో పాటు పర్యాటకుల కోసం చేసిన అలంకార వస్తువులూ అమ్ముతారు. ముత్యపు చిప్ప పొదిగినంత మాత్రాన నాదం పలకదు.

ముందు అడగాల్సింది దండి సంగతి. ఊద్‌కి వీణలా మెట్లుండవు, తీగను దండికే ఆనించి నొక్కాలి. తీగల లాగుడుకి దండి కాస్త ముందుకు వంగినా, కుండను కలిసేచోట తీగలు ఎత్తుగా లేచి వేలు నొప్పెడుతుంది. దాన్ని సరిచేయడం ఖరీదైన పని, మన దగ్గర చేసేవాళ్లూ అరుదు. అందుకే పక్కనుంచి తీసిన ఫొటో, కుండను కలిసేచోట తీగ ఎత్తు మిల్లీమీటర్లలో అడగండి. ఒక్కో తీగ మీటుతూ తీసిన వీడియో కూడా. బిరడాలు జారకుండా నిలవాలి.

తీగ మోగే పొడవు అరబ్ ఊద్‌కి సుమారు 61 సెం.మీ., టర్కీ ఊద్‌కి 58.5. ఈ కొలత రాయని అమ్మకందారుని నేను నమ్మను.

మీరే అమ్ముతుంటే, పాత పగుళ్లు, అతుకులు దాచకుండా చూపించండి. పంపేముందు తీగలు వదులు చేసి, గట్టి పెట్టెలో పెట్టండి.