బైపీసీ చదివి ఎకాలజీలో చేరితే మళ్లీ లెక్కలెందుకు?

అడవిలో, చెరువులో ఉన్న జీవులన్నింటినీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం కుదరదు కాబట్టే ఎకాలజీ (జీవులకూ వాటి పరిసరాలకూ ఉన్న సంబంధాల చదువు) కోర్సుల్లో స్టాటిస్టిక్స్ పెడతారు. మన చేతికి దొరికేది చిన్న నమూనా. దాన్ని బట్టి మొత్తం గురించి ఎంత నమ్మకంగా చెప్పొచ్చో తేల్చేది ఆ లెక్కలే.

ఒక చెరువులో చేపలెన్నో తెలియాలనుకుందాం. 50 చేపల్ని పట్టి, రెక్క దగ్గర చిన్న ట్యాగ్ వేసి వదిలేస్తారు. అవి మిగతావాటితో కలిసిపోయాక మళ్లీ వల వేస్తే 40 పడ్డాయి, అందులో ట్యాగ్ ఉన్నవి 10. అంటే నాలుగింట ఒకటి. మొదట ట్యాగ్ వేసిన 50 కూడా మొత్తం చేపల్లో నాలుగో వంతే అనుకోవచ్చు, కాబట్టి చెరువులో సుమారు 200 చేపలు ఉన్నట్టు. అయితే మధ్యలో కొన్ని ట్యాగులు ఊడిపోయినా, ఒకసారి వలకు చిక్కిన చేప రెండోసారి తప్పించుకు తిరిగినా, లెక్క అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. ఈ తేడాను పసిగట్టడమే ఇందులో అసలైన చదువు. పులులకైతే ట్యాగ్ అక్కర్లేదు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు, కెమెరా ఫొటోలు చాలు.

చాలామంది పులుల గణన అంటే తలలు లెక్కపెట్టడమే అనుకుంటారు. 2022 గణనలో దేశం మొత్తానికి చెప్పిన 3,682 అనేది సగటు అంచనా. పై హద్దు 3,925. అలాగని అది గాలిలో వేసిన అంకె కాదు, ఎంత తప్పు ఉండొచ్చో కూడా లెక్కగట్టి చెప్పిన అంకె. ఇంటర్‌లో లెక్కలు చదవలేదని టెన్షన్ వద్దు, మామూలుగా సగటు, సంభావ్యతల నుంచే మొదలుపెడతారు.