మైగ్రేన్ మాత్ర వేసుకుంటే కళ్ళు వాచి దద్దుర్లు వచ్చాయి, ఇక మా బాబుకి ఏ మందూ ఇవ్వకూడదా?

మీ బాబుకి పదిహేనేళ్ళు, మైగ్రేన్ కి నాప్రాక్సెన్ అనే నొప్పి మాత్ర వేసిన గంటలోపే కనురెప్పలు వాచి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి, సెట్రిజిన్ తో తగ్గింది, ఇప్పుడు వేరే కంపెనీది ఇచ్చి చూడొచ్చా అంటున్నారు. ఇవ్వకండి. కంపెనీ మారితే అట్ట మీద పేరు మారుద్ది అంతే, లోపల మందు అదే కదండీ.

మా పాపకీ ఇదే. మొదట తలనొప్పికి ఇబుప్రోఫెన్ వేస్తే పై పెదవి, కళ్ళు ఉబ్బాయి, ఏదో పురుగు కుట్టిందేమో అని అత్తయ్య పసుపు రాసింది. తర్వాత కాలు బెణికితే క్లినిక్ లో డైక్లోఫెనాక్ ఇచ్చారు, మళ్ళీ అదే వాపు. అప్పుడు అలెర్జీ డాక్టరు చెప్పారు, ఇబుప్రోఫెన్, నాప్రాక్సెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ పేర్లు వేరైనా అన్నీ ఒకే పని చేస్తాయి, కొంతమంది పిల్లల ఒంటికి ఆ పనే పడదు, అందుకే ఒకటి పడకపోతే మిగతావీ పడకపోవచ్చు అని. కొందరికి మాత్రం ఒక్క మందే పడదు, మిగతావి ఓకే. ఏ రకమో రక్తపరీక్షలో సరిగ్గా తేలదట, ఆసుపత్రిలో కూర్చోబెట్టి కొంచెం కొంచెం ఇచ్చి చూడాల్సిందే, ఇంట్లో మాత్రం ఆ ప్రయోగం చెయ్యొద్దు. ఇంకోటి, పిల్లలకి వైరల్ జ్వరం ఉన్నప్పుడు ఊరికే కూడా దద్దుర్లు వస్తాయి కాబట్టి పరీక్ష చేస్తే అసలు మందు అలెర్జీయే లేదని తేలేవాళ్ళూ చాలామంది ఉంటారు. ఆ రోజు బాబుకి జ్వరం, జలుబు ఏమైనా ఉన్నాయా గుర్తు చేసుకోండి.

స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి, ఇది ముఖ్యం. మన దగ్గర మైగ్రేన్ కి రాసే మాత్రల్లో నాప్రాక్సెన్, వాంతులు రాకుండా డోంపెరిడోన్ కలిపి ఉన్నవి చాలా ఉన్నాయి, అప్పుడు దేనికి వాపు వచ్చిందో కూడా చూడాలి. కిరాణా కొట్లో దొరికే సారిడాన్ లో కూడా పారాసిటమాల్, కెఫీన్ తో పాటు ప్రొపిఫెనజోన్ అని నొప్పి మందు ఇంకోటి ఉంటుంది, తలనొప్పి మాత్రే కదా అని పక్కింటావిడ ఇస్తే వేసేసుకుంటారు పిల్లలు. మా పాపకి ఉత్త పారాసిటమాల్ పడుతుంది, ఇలాంటి పిల్లల్లో ఎక్కువమందికి పడుతుందట, మీ బాబు ఇంతకుముందు వేసుకున్నాడేమో డాక్టరుకి చెప్పండి.

అలాగని మైగ్రేన్ మందుతో వచ్చిన ప్రతి తేడా అలెర్జీ కాదు. మా పాప ఇప్పుడు నొప్పి మొదలవగానే రిజాట్రిప్టాన్ వేసుకుంటుంది, ఇది వేరే జాతి మందు, అమెరికాలో 6 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి కూడా ఒప్పుకున్నదే. మొదటిసారి మెడ, ఛాతీ బిగబట్టినట్టుంది అంటే మా ఆయన కారు తాళాలు తీసుకుని పరిగెత్తారు. దద్దుర్లు లేవు, వాపు లేదు, ఆయాసం లేదు, ఈ మందుకి అలా ఉంటుందని డాక్టరు చూసి చెప్పారు (ఛాతీ బిగింపు మాత్రం మీ అంతట మీరు తేల్చేసుకోవద్దు, అడగండి). నొప్పి రాకుండా రోజూ వేసే టోపిరామేట్ తో వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, కూల్ డ్రింకు చప్పగా అనిపిస్తుంది, చెమట తక్కువ పట్టొచ్చు, అది మన విజయవాడ ఎండల్లో మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఇవేవీ అలెర్జీ కాదు.

మా అక్క కొడుకుదైతే ఇంకో కథ. తలనొప్పితో వాంతులవుతుంటే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేశారు, కాసేపటికి మెడ ఒక పక్కకి తిరిగిపోయి గుడ్లు పైకి నిలబడిపోయాయి, మా అమ్మ గాలి సోకిందని ఏడుపు. టీనేజ్ పిల్లల్లో ఈ మందుకి ఇలా అవడం డాక్టర్లకి తెలిసిందే, ఫెనర్గాన్ ఇంజెక్షన్ చేస్తే కాసేపట్లో మామూలైపోయాడు. ఇదీ అలెర్జీ కాదు గానీ ఆ మందు వాడికి మళ్ళీ ఇవ్వకూడదని ఫైల్లో రాయించుకున్నారు.

నిజంగా భయపడాల్సింది ఎప్పుడంటే, దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బొంగురుపోవడం, నాలుక వాపు, ఆగని వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే. వెంటనే 108 కి ఫోన్ చేసి పడుకోబెట్టండి, లేపి నడిపించొద్దు, ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి. ఆసుపత్రిలో మొదట పడాల్సింది తొడ కండకి అడ్రినలిన్ ఇంజెక్షన్, ఒక్క ఏవిల్ (సెట్రిజిన్ లాంటి అలెర్జీ మందు) ఇంజెక్షన్ తో సరిపెడితే అడగండి. తగ్గినా కొన్ని గంటలు అక్కడే ఉంచుతారు, మళ్ళీ తిరగబెట్టొచ్చు కాబట్టి. మందు మొదలెట్టిన కొన్ని రోజులకో వారాలకో జ్వరంతో దద్దుర్లు, నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడటం వస్తే అది వేరే ప్రమాదం, మందు ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

బాబుకి పిల్లికూతలు, ఆస్తమా ఉంటే ముందే చెప్పండి, మైగ్రేన్ రాకుండా ఇచ్చే ప్రొప్రనలాల్ వాళ్ళకి ఇవ్వకూడదు. అది వాడేవాళ్ళకి పెద్ద అలెర్జీ వస్తే అడ్రినలిన్ కూడా సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు.

ఆ స్ట్రిప్ పారేయకండి, వాపు ఫోటోలుంటే ఉంచండి, ఎన్నింటికి వేశారు, ఎన్నింటికి మొదలైంది, పక్కన ఇంకేం మందులు వాడాడు అన్నీ రాసుకుని పిల్లల న్యూరాలజీ డాక్టరుకీ అలెర్జీ డాక్టరుకీ ఇద్దరికీ చూపించండి. మందులు పడకపోతే చెప్పుకునే ప్రభుత్వ నంబరు 1800-180-3024 కి ఫోన్ చేసి మందు పడలేదని మనమే రిపోర్ట్ కూడా ఇవ్వొచ్చు, ఫ్రీ నంబరు. బాబు హాస్టల్ లో ఉంటే వార్డెన్ కి మందు పేరు కాగితం మీద రాసివ్వండి, అక్కడ ఏ నొప్పికైనా చేతికొచ్చిన మాత్ర ఇచ్చేస్తారు.